దవడ పన్నే కదా అని వదిలేస్తే: ఇంప్లాంట్ల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం పాకాల పక్క పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. చెనక్కాయ రైతు, యాభై దాటాయి. కింది దవడ పన్ను పీకించుకుని తొమ్మిదేళ్లయింది. "ఇన్నాళ్లూ ఏం చేసినారన్నా?" అంటే, "వెనకాల పన్నే కదా మేడమ్, నవ్వితే కనపడేదా ఏమన్నానా? సంగటి ముద్ద మింగేదే గానీ నమిలేది లేదు కదా" అన్నాడు.

తిరుపతిలో క్లినిక్ పెట్టినప్పటి నుంచి ఈ మాట వినని వారం లేదు. అన్ని అపోహల్లోకీ మన జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే.

పన్ను ఉన్నన్నాళ్లూ నమిలే ఒత్తిడి దాని చుట్టూ ఉన్న ఎముకకు అందుతూ ఉంటుంది. పన్ను పోయాక ఆ ఎముకకు పని ఉండదు, కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలోనే ఆ ఎముక గట్టు వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. పైన చిగురు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను వేరుకు బదులు ఎముకలో బిగించే స్క్రూ, దాని మీద పన్ను క్యాప్ కడతాం. దవడ పన్ను చోట వేసే స్క్రూ మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దానికి అటూ ఇటూ ఎముక మిగలాలంటే గట్టు కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ అన్న స్కాన్‌లో మూడున్నరే ఉంది. దానికి తోడు వెనక పన్ను ఖాళీలోకి ఒరిగిపోయింది, ఎదురుగా ఉన్న పై పన్ను కిందికి దిగింది. అప్పుడే వచ్చి ఉంటే ఒక్క స్క్రూ, ఒక క్యాప్‌తో పోయేది. ఇప్పుడు ముందు ఎముక పౌడర్ పెట్టి గట్టు పెంచాలి, అది గట్టిపడే దాకా నెలల తరబడి ఆగాలి, ఆ తర్వాతే స్క్రూ. ఖర్చు చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన తప్పేముంది? పన్ను పీకిన రోజు "తర్వాత ఇలా అవుతుంది" అని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అందుకని నేను ఇప్పుడు పన్ను తీసే ముందే ఆ మాట మాట్లాడతాను. ఆ రోజే ఇంప్లాంట్ వేయించుకోమని కాదు. చాలామందికి గాయం మానాకే వేస్తాం. కానీ ఏం చేయబోతున్నారో, ఎప్పుడు చేయబోతున్నారో ఆ రోజే తేల్చుకోవాలి.

"ఇనుప మేకు కొడతారంట, ఒళ్లు ఒప్పుకోదంట" అని ఇంకొంతమంది భయం. అది ఇనుము కాదు, టైటానియం. 1952లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టర్ కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం పెట్టి పరిశోధన చేస్తుంటే, అది ఎముకతో కలిసిపోయి ఊడిరాలేదు. మనిషికి ఆ పద్ధతిలో పళ్లు కట్టింది 1965లో. ఆ మొదటి పేషెంట్ నలభై ఏళ్లకు పైగా అవే ఇంప్లాంట్లతో బతికాడు. పుత్తూరు కట్టు తెలిసిన మన జిల్లాలో ఎముక అతుక్కోవడం గురించి ఒకరు చెప్పాలా? కదపకుండా ఉంచాలి, టైమివ్వాలి. ఇక్కడా అంతే. కింది దవడకు సుమారు మూడు నెలలు, పై దవడ ఎముక కాస్త మెత్తన కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలలు. ఈ గడువు వినగానే కొందరు "ఫలానా చోట మూడు రోజుల్లో కట్టేస్తారంట" అంటారు. కొన్ని కేసుల్లో నిజంగానే వెంటనే పళ్లు బిగించవచ్చు. మీ ఎముక అందుకు పనికొస్తుందా లేదా అన్నది స్కాన్ చెప్పాలి, బోర్డు కాదు.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న మాట దగ్గర మాత్రం నాకు ఓపిక నిలవదు. చంద్రగిరిలో మా అవ్వకు పై దవడ పన్ను పుచ్చి రెండేళ్లు సలిపింది. కన్ను పోతుందని వీధిలో ఎవరో చెబితే లవంగం పెట్టుకుని ఓర్చుకుంది. ఒక రాత్రి బుగ్గ ఉబ్బి, తెల్లారేసరికి కంటి కింది దాకా వాపు ఎక్కింది. నేనప్పుడు డెంటల్ కాలేజీలో రెండో సంవత్సరం. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని, ఏ పన్ను తీస్తే కన్ను పోతుందని భయపడిందో ఆ పన్నే కంటి మీదికి తెచ్చిందని ఏడ్చాను. పై పళ్లకు వెళ్లే నరం వేరు, చూపు నరం వేరు. అరవైల్లో పళ్లూ ఊడతాయి, శుక్లాలూ వస్తాయి. జనం రెంటికీ ముడిపెట్టేశారు, అంతే.

షుగర్ ఉంటే వేయకూడదా? అదుపులో ఉంటే వేయవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ 7 లోపు ఉంటే నాకు నిశ్చింత, 8 దాటితే ముందు అది తగ్గించుకుని రమ్మంటాను. వయసు అడ్డు కాదు, ఎదుగుదల ఆగని పిల్లలకు మాత్రం వేయం. మత్తు ఇస్తాం కాబట్టి వేసేటప్పుడు నొప్పి ఉండదు, తర్వాత రెండు మూడు రోజులు మాత్రలు చాలు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ, ఇది అపోహ కాదు. ఇంప్లాంట్ పుచ్చదన్నది నిజమే గానీ, చుట్టూ గార పడితే చిగురు చీము పట్టి ఎముక కరుగుతుంది. బ్రష్ తప్పదు.

ఎముకలు గుల్లబారాయని ఇంజెక్షన్లు వేయించుకుంటున్న అమ్మలు, క్యాన్సర్‌కు మందులు వాడినవాళ్లు పన్ను పీకించుకోవడానికైనా సరే, ఆ చీటీలన్నీ వెంట తెచ్చుకోండి. వాటిలో కొన్ని మందుల వల్ల దవడ గాయం మానకుండా ఎముక బయటపడే ప్రమాదం ఉంది. ఇది మేము అడగకపోయినా మీరే చెప్పండి.

అందరికీ ఇంప్లాంటే కావాలని నేననను. అటూ ఇటూ పళ్లకు ఇప్పటికే క్యాప్‌లు ఉంటే, ఆ పళ్ల ఆసరాతో మధ్య ఖాళీకి కట్టే బ్రిడ్జి చక్కగా సరిపోతుంది. డబ్బు లేనప్పుడు తీసిపెట్టుకునే సెట్టు కూడా మంచిదే. దాని కింద ఎముక కరగడం ఆగదు గానీ, నమలడానికి పనికొస్తుంది.

పాకాల అన్న ఇంట్లో మాట్లాడుకుని, చెనక్కాయలు అమ్మాక వస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ, కొడుక్కి కూడా మొన్న సంక్రాంతికి ఒక దవడ పన్ను తీసినారని చెప్పాడు. చెనక్కాయల దాకా ఆగొద్దు, వాడిని మాత్రం ఈ ఆదివారమే పంపించమన్నాను.