బడిలో బయాలజీ ల్యాబ్ పని: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మా వాడకట్టులో ఎవరికి జ్వరమొచ్చి రక్తపరీక్ష చేయించుకున్నా ఆ కాగితం సాయంత్రానికల్లా మా గుమ్మం ముందుకొస్తుంది. మొన్న పక్కింటి అవ్వ కూడా "బిడ్డా, నువ్వు ల్యాబుల చేస్తవు కదా, గీ ప్లేట్‌లెట్లు ఎట్లున్నయో జర చూడు" అంది. ఎంజీఎంలో డాక్టరుకే చూపించమని చెప్పి పంపాను. ఆసుపత్రి ల్యాబులో చేసేవాళ్లు డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) లాంటి కోర్సు చదువుతారు, రోగుల నమూనాలు పరీక్షిస్తారు. నేను చదివింది బీఎస్సీ బీజెడ్‌సీ, అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. పన్నెండేళ్లుగా నా పని గురుకులంలో, ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ బైపీసీ దాకా పిల్లలకు జీవశాస్త్ర ప్రయోగాలు సిద్ధం చేయడం. రెంటికీ "ల్యాబ్" అన్న పేరు ఒకటే కావడంతో వచ్చే ఈ పొరపాటు చిన్నదే. మిగతావి అంత చిన్నవి కావు.

అపోహ: ప్రాక్టికల్ ఉన్న గంటే పని. మిగతా టైమంతా సీసాలు కడుక్కుంటూ కూర్చోవడమే.

ఇది బయటివాళ్లే కాదు, బడిలోని వాళ్లు కూడా అనుకుంటారు. పొద్దున పదింటికి వచ్చి "మేడం, పన్నెండు గంటల పీరియడ్‌కు కణవిభజన స్లైడ్లు పెట్టండి" అని అడిగిన టీచర్లు ఉన్నారు. వాళ్ల తప్పు కాదు. ఆ స్లైడు వెనక ఎన్ని రోజులు పడతాయో ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

పీరియడ్ గురువారం అనుకోండి. నేను శనివారం నాడే ఉల్లిగడ్డలు తెస్తాను. కింద ఎండిపోయిన పాత వేర్లను బ్లేడుతో గీకేసి, వెడల్పు మూతి సీసాల మీద ఒక్కోటి కూర్చోబెడతాను. గడ్డ అడుగు మాత్రమే నీళ్లకు తగలాలి. కొంచెం ఎక్కువ మునిగినా కుళ్లి వాసన కొడుతుంది. నీళ్లు రోజూ మార్చాలి. కొన్ని గడ్డలు ఎంత చూసినా వేరు వేయవు కాబట్టి ఐదు కావాలంటే పది పెట్టుకుంటాను. నాలుగు రోజులకు తెల్లటి వేర్లు రెండు సెంటీమీటర్ల దాకా దిగుతాయి. బుధవారం పొద్దున ఎనిమిదికీ పదికీ మధ్య ఆ కొసలు కత్తిరించి, మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేస్తాను. కణాలు ఏ దశలో ఉంటే ఆ దశలోనే ఆగిపోతాయి. ఒక రోజంతా అందులోనే ఉండాలి.

గురువారం కొసను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెచ్చచేసి మెత్తబరచాలి, ఎసిటోకార్మిన్ రంగు ఎక్కించాలి. చివర ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఉంచుకోవాలి, విభజన జరిగేది అక్కడే. కవర్‌స్లిప్ వేసి, ఫిల్టర్ పేపర్ మడిచి పెట్టి, బొటనవేలితో నిలువుగా నొక్కాలి. వేలు పక్కకు జారిందా, కణాలు ఒకదాని మీద ఒకటి పొర్లి ఏమీ కనిపించదు. ఇన్ని చేసినా మైక్రోస్కోప్ కింద ఎక్కువ కణాలు ఇంకా విభజన మొదలుకాని అంతర్దశలోనే ఉంటాయి. క్రోమోజోములు నడిమధ్య వరుస కట్టిన మధ్యస్థ దశ కణం ఒక్కటి దొరికితే దాన్ని మధ్యకు తెచ్చి "ఎవరూ టేబుల్ కదిలించొద్దు" అని చెప్పి పిల్లలను లైనులో పంపుతాను.

మిగతా సామాను కూడా ఇంతే, ఏదీ కొట్లో దొరికేది కాదు. సొలనేసి (వంకాయ, టమాటా జాతి) కుటుంబం పాఠానికి ఉమ్మెత్త పువ్వు కావాలి. అది సాయంత్రం విచ్చి, ఎండెక్కేసరికి వాలిపోతుంది. అందుకే మొగ్గలుగా తెచ్చి నీళ్లలో పెడతాను. ఏకదళబీజ కాండానికి మా దగ్గర మక్కజొన్నకు కొదవ లేదు, కానీ లేత కాండమే బ్లేడుకు పలుచగా తెగుతుంది. వేరు బుడిపెలు చూపించాలంటే వానకాలంలో పెసర చేను పూతకొచ్చినప్పుడే పీకాలి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగుండాలి. అది లెగ్‌హీమోగ్లోబిన్ రంగు, బ్యాక్టీరియా నత్రజనిని పట్టే పనిలో ఉందని అర్థం. జనవరిలో అడిగితే నేనెక్కడి నుంచి తేను?

ఇక సీసాలు కడగడం అంటారా, అవును, కడుగుతాను. పరీక్షనాళికలో నిన్నటి గ్లూకోజు మిగిలితే ఈ రోజు బెనెడిక్ట్ పరీక్షలో చక్కెర లేని నమూనా కూడా రంగు మారుతుంది. పిల్ల దాన్నే నిజమనుకుని రికార్డులో రాసుకుంటుంది. అందుకే చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, బోర్లించి ఆరబెడతాను.

అపోహ: బయాలజీ ల్యాబ్ అంటే కప్పను కోయడమే.

ఇప్పుడు బడుల్లో కప్పలు కోయడం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, జంతువుల పట్ల క్రూరత్వాన్ని అడ్డుకునే 1960 నాటి చట్టం రెండూ దీనికి వర్తిస్తాయి. 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) డిగ్రీ, పీజీ జువాలజీలో కూడా కోతలు ఆపమంది. కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం అంతకు చాలా ముందే, 1987లోనే నిలిపేసింది. కప్పలు తగ్గితే పొలాల్లో పురుగు పెరుగుతుందన్నది అప్పటి వాదన. నమూనాలు, చార్టులు, పాత జాడీల్లోని జీవులతో అవయవాలన్నీ చక్కగా చెప్పవచ్చు. "మా అమ్మాయికి రక్తం చూస్తే భయం, బైపీసీ వద్దంటున్నాం" అని వచ్చే తల్లిదండ్రులకు నేను ముందుగా చెప్పేది ఇదే.

అపోహ: ఫార్మాలిన్ వాసన రెండు రోజుల్లో అలవాటైపోతుంది, ఏమీ కాదు.

ఫార్మాలిన్ అంటే జాడీల్లోని జీవులు కుళ్లకుండా పోసే ద్రవం. ఈ మాట నాతో అన్నది నేను మొదట చేరిన ఒక బడిలోని సీనియరు. పెద్దమనిషి, మంచివాడు, నిజంగానే నమ్మి చెప్పాడు. ఆ జూన్‌లో స్టోరు గది సర్దే పని నాకిచ్చారు. నలభైకి పైగా జాడీలు. సగం వాటిల్లో ద్రవం ఇంకిపోయి పాములు, తేళ్లు, చేపలు సగం బయటికి తేలి ఉన్నాయి. గదికి ఒకే కిటికీ, అది కూడా బీరువా వెనక. ముక్కుకు చున్నీ కట్టుకుని డబ్బాలోని ఫార్మాలిన్‌ను నీళ్లు కలపకుండానే ఒక్కో జాడీలో పోస్తూ పోయాను. పదో జాడీకి కళ్ల నుంచి ధారగా నీళ్లు. సాయంత్రానికి గొంతు మంట, మర్నాడు మాట పెగల్లేదు. మూడో రోజుకు వాసన నిజంగానే తెలియలేదు. అప్పుడు అలవాటైందనుకున్నాను.

అలవాటు పడింది ముక్కు మాత్రమే. వాసన తెలియనంత మాత్రాన గాలిలో ఆవిరి తగ్గినట్టు కాదు, ఊపిరితిత్తులు తట్టుకుంటున్నట్టూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది.

దీనికి జంటగా ఇంకో అపోహ ఉంది, ఎంత చిక్కగా పోస్తే నమూనా అంత బాగా నిలుస్తుందని. డబ్బాలో వచ్చే ఫార్మాలిన్‌లో దాదాపు 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఒక వంతు ఫార్మాలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే దాన్నే మనం పది శాతం ఫార్మాలిన్ అంటాం. అంటే అందులో అసలు ఫార్మాల్డిహైడ్ సుమారు నాలుగు శాతమే. నిల్వకు అది చాలు. చిక్కగా పోస్తే కండ కట్టెలా బిగుసుకుపోతుంది తప్ప ఇంకో లాభం లేదు. ఆ రోజు నేను కన్నీళ్లతో పోసిందంతా వృథా, హాని కూడా.

ఇప్పుడు జాడీలు తెరిచే పని వరండాలో, గాలి వచ్చే వైపు వీపు పెట్టి చేస్తాను. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. మూతి చుట్టూ మైనం పోస్తే ఇంకడం తగ్గుతుంది. పిల్లల చేతికివ్వాల్సిన నమూనాను ముందురోజే ధార కింద బాగా కడిగి 70 శాతం ఆల్కహాలులోకి మారుస్తాను. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ఎవరు చెప్పినా మూసిన గదిలో ఆ డబ్బా మూత తీయకండి.

అపోహ: మైక్రోస్కోప్ ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచిది.

పిల్లలు రాగానే చేయి వేసేది 45 లెన్సు మీదే. కంటి దగ్గరి లెన్సు 10, కింద లెన్సు 45, కలిపి 450 రెట్లు. కానీ ఉల్లిపొర కణాలు వంద రెట్ల దగ్గరే గోడలతో, కేంద్రకంతో చక్కగా కనిపిస్తాయి. పెద్ద లెన్సు పెట్టి పెద్ద మరను తిప్పితే లెన్సు స్లైడుకు గుద్దుకుని పగులుతుంది. తక్కువ లెన్సుతో మొదలుపెట్టి, దొరికాక పెద్ద లెన్సుకు మారి, చిన్న మరతోనే సరిచేసుకోవాలి. అసలు మామూలు కాంతి మైక్రోస్కోప్‌కు ఒక హద్దుంది. మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అయిదో వంతు కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను అది విడదీసి చూపలేదు. ఆ తర్వాత ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది.

ఇంకోటి. ఏటా సగం మంది రికార్డుల్లో "కణం" అని గీసేది గాలి బుడగను. నల్లటి మందపాటి అంచుతో, కంపాస్‌తో గీసినంత గుండ్రంగా ఉంటే అది బుడగే. కవర్‌స్లిప్‌ను సూది ఆసరాతో ఏటవాలుగా నెమ్మదిగా దించితే రాదు.

అపోహ: బ్లడ్ గ్రూప్ పరీక్షే కదా, ఒక సూదితో క్లాసందరికీ చేసేయొచ్చు.

వద్దు. హెపటైటిస్ బీ, హెచ్‌ఐవీ రెండూ రక్తం అంటిన సూదితో పాకుతాయి. ఒక లాన్సెట్ (వేలికి గుచ్చే సూది) ఒక్కరికే, వాడగానే గుచ్చుకోని గట్టి డబ్బాలోకి, అదీ ఇంట్లోవాళ్ల అనుమతి ఉన్న పిల్లలకే. గ్రూపు తేల్చే యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి సీరం సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మా దగ్గర మే నెల ఎండకు ఒక పూట కరెంటు పోయినా నాకు టెన్షనే, ఎందుకంటే పాడైన సీరం గ్రూపును తప్పు చూపొచ్చు. అందుకే ల్యాబులో తేలిన గ్రూపును ఐడీ కార్డు మీద రాయనివ్వను.

ఆకులో పిండి పదార్థం పరీక్షకు స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టొచ్చనేది కూడా ఇలాంటిదే. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి మంట దాకా వెళ్లి అంటుకుంటుంది. నీళ్లు మరిగించి, మంట ఆర్పి, ఆ వేడి నీళ్లలో స్పిరిట్ నాళికను నిలబెట్టాలి.

అపోహ: ఇప్పుడు అన్నిటికీ వీడియోలున్నాయి, ల్యాబ్ ఎందుకు?

వీడియోలు నేనూ చూపిస్తాను, మంచివే. కానీ ఏటా ఒక గుప్పెడు వరిగడ్డి నీళ్లలో ఉడికించి, చల్లారాక చెరువు నీళ్లు కొన్ని కలిపి, పైన బట్ట కట్టి కిటికీ పక్కన పెడతాను. నాలుగైదు రోజులకు పైన పల్చటి పొర కడుతుంది. ఆ అంచు నుంచి ఒక చుక్క తీస్తే పారమీషియాలు, అంటే ఒకే కణంతో ఉండే చిన్న జీవులు, దొరుకుతాయి. అవి మరీ వేగంగా పోతాయి కాబట్టి స్లైడు మీద రెండు మూడు దూది పోగులు పరుస్తాను.

కిందటేడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె ఐపీస్‌కు కన్ను ఆనించి, ఎంత పిలిచినా లేవలేదు. వెనక లైను ఎదురుచూస్తోంది. కాసేపటికి, కన్ను తీయకుండానే, "మేడం, ఇది దూదికి గుద్దుకొని ఎనుకకు వస్తాంది. జర పక్కకు తిరిగి మళ్ల పోతాంది. మళ్ల తాకుతాంది. దారి దొరికేదాకా గట్లనే చేస్తాంది" అంది.

ఆ ప్రవర్తన ఆమె పాఠంలో లేదు. ఎవరూ చూడమని చెప్పలేదు. చుక్క ఆరిపోయేలా ఉందని డ్రాపర్‌తో కవర్‌స్లిప్ అంచున ఇంకో చుక్క నీళ్లు వేసి, వెనక ఉన్న పిల్లలను రెండో మైక్రోస్కోప్ దగ్గరికి పంపాను.