పెద్ద చర్చి ఎక్కడికి పోయింది?

అమెరికాలోని న్యూ మెక్సికోలో, శాంటా ఫేకి తూర్పున, పెకోస్ అనే పాడుబడ్డ ఊరుంది. 1540లో స్పెయిన్ సైనికులు వచ్చేనాటికి అది రాతిగుట్ట మీద నాలుగంతస్తుల ఇళ్లతో నిండుగా ఉంది. నేల మీద కాలు పెట్టకుండా మిద్దెల మీదుగానే ఊరంతా చుట్టి రావచ్చని ఆ దండులో ఉన్న కాస్తానేడా తర్వాత రాసుకున్నాడు. కొన్ని దశాబ్దాల తర్వాత ఫ్రాన్సిస్కన్ అనే క్రైస్తవ సంఘం గురువులు వచ్చి చర్చి కట్టించారు.

పేచీ ఆ చర్చితోనే. 1630లో బెనవిడెస్ అనే గురువు స్పెయిన్ రాజుకిచ్చిన నివేదికలో దాన్ని తెగ పొగిడాడు. అక్కడ నిలిచి ఉన్నదేమో ఓ మోస్తరు పచ్చి ఇటుకల శిథిలం. మరింతమంది గురువుల్ని పంపమని అడగబోయిన మనిషి గోరంతను కొండంత చేసి ఉంటాడని చరిత్రకారులు సరిపెట్టుకున్నారు. అర్జీల భాష తెలిసిన ఎవరికైనా అలాగే తోస్తుంది.

1967లో పురావస్తు శాస్త్రవేత్త జీన్ పింక్లీ అక్కడ తవ్విస్తుంటే, ఆ శిథిలం కింద వేరే రాతి పునాదులు బయటపడ్డాయి. పొడవు దాదాపు 150 అడుగులు! బెనవిడెస్ చూసింది దీన్ని. 1680లో ప్యూబ్లో ప్రజలు, అంటే పెకోస్ లాంటి ఊళ్లలో ఉండే అక్కడి ఆదివాసులు, స్పెయిన్ మీద తిరగబడినప్పుడు ఇది నేలమట్టమైంది. ఇన్నాళ్లూ అందరూ కొలిచి చూసింది 1717 నాటి చిన్న చర్చిని.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. చర్చి పక్కనున్న గురువుల మఠంలో ఒక కివా దొరికింది. కివా అంటే ప్యూబ్లో వారి పూజా గది. సాధారణంగా గుండ్రంగా, భూమిలోకి దించి కడతారు, కప్పులోని కంతలోంచి నిచ్చెన దిగాలి. క్రైస్తవ మఠం నడిమధ్యన దానికేం పని? తిరుగుబాటులో గెలిచినవాళ్లు కసిగా కట్టారని ఒక వాదం. కాదు, అంతకు ముందే గురువులే ఊరివాళ్లను మచ్చిక చేసుకోవడానికి కట్టనిచ్చారని ఇంకొకటి. మొదటిది కథగా మరీ బాగుంది, అందుకే నమ్మడానికి జంకుతాను.

పురావస్తు శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ కిడ్డర్ 1915లో తవ్వకానికి పెకోస్‌ను ఎంచుకోవడానికి కారణం కూడా ఈ కాగితాలూ మట్టీ కలిసే తీరే. ఊరు ఖాళీ అయింది 1838లో అని తెలుసు. చెత్తదిబ్బ పైపొరలోని కుండపెంకులు ఆ చివరి కాలానివి. అక్కణ్ణించి పొర తర్వాత పొర దిగుతూ, పెంకుల మీది రంగులూ గీతలూ మారిన వరుస చూసుకుంటే, రాతలేని శతాబ్దాలకు ముందువెనకలు తెలుస్తాయి.

ఆ తవ్వకాల్లో తీసిన దాదాపు రెండు వేల మంది అస్థికలు హార్వర్డ్‌కు చేరాయి. 1838లో పెకోస్ వదిలినవాళ్లు పడమటనున్న హేమెజ్ అనే మరో ప్యూబ్లో ఊళ్లో కలిసిపోయారు. వాళ్ల వారసులు అడిగి, 1999లో ఆ అస్థికలను వెనక్కి తెప్పించుకుని పెకోస్‌లోనే మళ్లీ పాతిపెట్టారు. పెకోస్ ఊరి పండుగ ఏటా ఆగస్టులో హేమెజ్‌లో ఇప్పటికీ జరుగుతుంది.