ఇంటి భాష మానకండి, ముందు చెవులు చూపించండి: అపోహలు - వాస్తవాలు

"ఇంట్ల మా బాస బంద్ పెట్టినం మేడం, తెలుగే మాట్లాడుతున్నం. అయినా పిలగానికి మాటలు వస్తలేవు."

మహబూబాబాద్, వరంగల్ వైపు తండాల నుంచి స్పీచ్ థెరపీకి వచ్చే తల్లిదండ్రులు కూర్చోగానే చెప్పే మాట ఇది. చెడ్డ అలవాటేదో మానుకున్నట్టు చెప్తారు. ఎవరు మానమన్నారని అడిగితే ఒకరు అంగన్‌వాడీలో అన్నారంటారు, ఒకరు బళ్ళో సారు అన్నారంటారు, ఇంకొకరు డాక్టరే చెప్పారంటారు. ఆదిలాబాద్ నుంచి వచ్చే గోండు, కొలాం కుటుంబాలదీ, పట్నంలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళదీ, అమెరికా నుంచి ఫోన్ చేసే తెలుగువాళ్ళదీ ఇదే భయం. అందుకే ఈ ఒక్కటీ గట్టిగా చెప్పి, మిగతావి తొందరగా ముగిస్తాను.

అపోహ: ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష అయితే మాటలు ఆలస్యమవుతాయి.

అవవు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు కూడా అందరిలాగే ఏడాది అటూ ఇటూగా మొదటి మాట అంటారు, రెండేళ్ళకి రెండు మాటలు కలుపుతారు. ఒక్కో భాషలో విడిగా చూస్తే మాటలు తక్కువ అనిపించవచ్చు. రెండేళ్ళకి 50 మాటలు అని మేం చూసే లెక్క, పిల్లలకి వచ్చిన అన్ని భాషల్లోవీ కలిపి చూసేది.

ఒక తల్లి రెండేళ్ళు దాటిన పాపని తీసుకొచ్చింది. "ఒక్క మాట రాదు మేడం" అంది. నేను తెలుగులో అడిగినంతసేపూ పాప తల్లి కొంగులో మొహం దాచుకుంది. మీ గోర్ బోలీలోనే, అదే లంబాడీలోనే, ఆడించమ్మా అన్నాను. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది. కాసేపటికి పాప గ్లాసు చూపించి "పాణి" అంది. బొమ్మ రొట్టె చేతిలోకి తీసుకుని "యాడి, బాటి" (అమ్మా, రొట్టె) అంటూ తల్లి నోటికి అందించింది. రెండు మాటలు కలిపేసింది! నేను కాగితం మీద రాస్తుంటే తల్లి అడిగింది: "అవి మా మాటలు కద మేడం, అవి గూడ లెక్కనేనా?"

లెక్కే. ఆ పాపకి థెరపీతో పనేమీ లేకపోయింది.

ఇంటి భాష మానేసిన ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. తల్లికి వచ్చిన తెలుగు సంతలో తెలుగు. దా, తిను, పో, వద్దు, ముట్టకు. ఆ నాలుగు ముక్కలతో బిడ్డని బుజ్జగించలేదు, కథ చెప్పలేదు, మనసారా తిట్టనూ లేదు. మిరప తోటలకి కూలికి పోయే ఇళ్ళలో బిడ్డ పగలంతా ఉండేది నానమ్మ దగ్గర. ఆమెకి తెలుగు రాదు. మాట్లాడితే మనవడు చెడిపోతాడని చెప్పారు కాబట్టి నోరు మూసుకుంటుంది. పిల్లలకి మాటలొచ్చేది రోజంతా చెవిన పడే మాటల వల్ల. మాటలు రావాలని ఇల్లంతా మాటలు ఆపేస్తే ఇంకెక్కడి నుంచి వస్తాయి?

దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. "రెండు భాషలు కదా, అందుకే" అని ఒక కారణం దొరికాక అసలు కారణం ఎవరూ వెతకరు. నా దగ్గరికి వచ్చిన ఒక బాబు సంగతి చెప్తాను. రెండేళ్ళప్పుడు చూపిస్తే లంబాడీ మానేయమన్నారు. మానేశారు. ఆరునెలలు చూశారు. నాలుకకి వస రాశారు. "మగపిల్లలకి లేటే", "వాళ్ళ నాయనకీ అట్లనే వచ్చినయి" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. నాలుగేళ్ళు నిండాక నా దగ్గరికి వచ్చాడు. నిద్రపుచ్చి, చప్పుడు చెవి నుంచి మెదడుకి అందుతోందా అని చూసే బెరా పరీక్ష చేయిస్తే రెండు చెవులకీ తీవ్రమైన వినికిడి లోపం. వాడికి తెలుగూ వినపడలేదు, లంబాడీ వినపడలేదు. ఆ తండ్రి అడిగింది ఒకటే: "మరి మా బాస ఎందుకు మానిపిచ్చిన్రు మేడం?" ఆయనకి చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కోపం వస్తుంది.

పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, లోపం ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలని మా రంగంలో నియమం. వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఐదేళ్ళలోపు పిల్లలకి. భాష మానేసి ఎదురుచూసిన ప్రతి నెలా ఆ గడువులోంచే పోతుంది.

"గిన్నె కింద పడితే తిరిగి చూస్తాడు కదా" అంటారు. చూస్తాడు. పెద్ద చప్పుడు వినపడి, మామూలు మాట వినపడని చెవులు చాలా ఉంటాయి. స, ష, త లాంటి సన్నటి ధ్వనులు మాత్రమే అందని చెవులూ ఉంటాయి. ఇంట్లో చప్పట్లు కొట్టి తేల్చే విషయం కాదిది.

అపోహ: ఆటిజం ఉన్న పిల్లలకి ఒకే భాష నేర్పాలి.

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలలేదు. డౌన్ సిండ్రోమ్ విషయంలోనూ అంతే. అసలే అందరితో కలవడం కష్టమైన బిడ్డకి అమ్మమ్మతో మాట్లాడే దారి కూడా మూసేయకండి.

అపోహ: భాషలు కలిపి మాట్లాడితే తికమక పడుతున్నట్టు.

మనమంతా రోజూ తెలుగులో ఇంగ్లీషు కలిపి మాట్లాడుతున్నాం. తికమక పడుతున్నామా? మాది హోసూరు వైపు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడ. మా తమ్ముడు చిన్నప్పుడు మూడూ కలిపి ఒకే వాక్యంలో వాడేవాడు. బళ్ళో టీచరు తెలుగు మాన్పించమని కబురు పెడితే మా అమ్మ "మా ఇంట్లో నేను ఏ భాష మాట్లాడాలో వాళ్ళు చెప్పేదేంది" అని ఊరుకుంది. ఎవరితో ఏ భాష మాట్లాడాలో వాడికి మూడు నాలుగేళ్ళకే తెలిసింది. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక మా వైపు తెలుగు బళ్ళ గురించి ఎంత బెంగపడ్డామో నాకు గుర్తుంది. అందుకే తండావాళ్ళ భయం నాకు కొత్త కాదు.

అపోహ: లిపి లేదు కాబట్టి అది భాష కాదు, యాస.

లిపికీ మాటలు రావడానికీ సంబంధమే లేదు. గోండికైతే లిపులూ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరున్న లిపి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలో, చేరింది. లంబాడీని 2011 జనాభా లెక్కల్లో హిందీ కింద కలిపేశారు. అలా కలిపినా మాట్లాడేవాళ్ళు 32 లక్షల పైమాటే.

అపోహ: ఇంటి భాషతో బళ్ళో వెనకబడతారు.

రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో పుస్తకాలు తయారుచేశారు. బళ్ళో చేరిన కొత్తలో కొన్ని నెలలు నోరు విప్పని పిల్లలుంటారు; ఆ భాష వింటూ పోగేసుకుంటున్నారు, కంగారు పడకండి. కానీ ఇంట్లో ఇంటి భాషలోనూ మాట్లాడకపోతే మాత్రం చూపించండి.

ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి ఏ భాషలోనూ మాటలు రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగొద్దు. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి (పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ బృందం) చెప్పండి, జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలకి చికిత్స చేసే కేంద్రం) రాయిస్తారు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి, మాట లోపాల సంస్థ కేంద్రం ఉంది. వచ్చేటప్పుడు బిడ్డని ఎక్కువసేపు చూసుకునే మనిషిని వెంట తీసుకురండి, అది నానమ్మ అయినా సరే. ఇంట్లో బిడ్డ ఆడుకుంటూ మీ భాషలో అన్న మాటలు ఫోన్‌లో రికార్డు చేసి తెండి. మాకు ఆ భాష రాకపోతే అర్థం అడుగుతాం, మీరు చెప్పండి.