రోస్కా పిండి చేతికి అంటుకుంటోందా? మైదా డబ్బా మూత పెట్టేయండి

క్రిస్మస్ సెలవులు మొదలైన దగ్గర్నుంచి జనవరి 6 దాకా నాకు వచ్చే ఫోన్లన్నిట్లోనూ దాదాపు ఒకటే మాట: "అక్కా, పిండి జిగురుగా ఉంది, ఇంకాస్త మైదా వేశాను." రోస్కా చెడిపోయేది సరిగ్గా అక్కడే.

డాలస్‌లో ఒక మెక్సికన్ బేకరీలో పని నేర్చుకుని ఇప్పుడు ఇంట్లోనే బేకింగ్ క్లాసులు చెబుతున్నాను. తూర్పు దేశపు జ్ఞానులు బాల యేసును చూడవచ్చిన పండగకి మెక్సికోలో ఇంటింటా కోసుకునే రింగు ఆకారపు తీపి బ్రెడ్ ఈ రోస్కా దె రేయెస్. ఇక్కడి మనవాళ్లు పిల్లల స్నేహితుల ఇళ్లలో తిని వచ్చి, తామూ చేయాలని ముచ్చటపడతారు. ఆ ముచ్చట బాగుంది. వాట్సాప్‌లో తిరిగే చిట్కాలే బాగోలేవు.

అపోహ: పిండి అంటుకుంటే మైదా తక్కువైనట్టు

కాదు, పిసకడం తక్కువైనట్టు. నా కొలత ఇది: మైదా 500 గ్రాములు, చక్కెర 120, వెన్న 150, గుడ్లు 4, గోరువెచ్చని పాలు 100 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 8 గ్రాములు, ఉప్పు ఒక చెంచా, రెండు నారింజల తొక్క తురుము. ఇన్ని గుడ్లు, ఇంత చక్కెర పడిన పిండి చపాతీ ముద్దలా ఎలా ఉంటుంది? చక్కెర నీటిని తన వైపు లాక్కుంటుంది. అందుకే పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ కట్టడం ఆలస్యమవుతుంది. మొదటి పది నిమిషాలు పిండి వేళ్లకి, గిన్నెకి పట్టుకునే ఉంటుంది. అది తప్పు కాదు, దశ.

బొబ్బట్లకి తోపు పిండి జారుగా కలిపి, నూనె పోసి నానబెడతాం కదా, అప్పుడు లేని భయం ఇక్కడెందుకు?

ఒక కప్పు మైదా అంటే సుమారు 125 గ్రాములు, అంటే పై కొలతలో పావు వంతు. పాలు, గుడ్లు, వెన్న ఏమీ పెంచకుండా అంత పొడి పిండి కుమ్మరిస్తే బ్రెడ్ ఓవెన్‌లోంచి వచ్చినప్పుడు బాగానే కనిపిస్తుంది. మర్నాడు పొద్దున కోస్తే పొడిపొడిగా రాలుతుంది. వెన్నకీ గుడ్లకీ పెట్టిన డబ్బు, రోజంతా పడ్డ శ్రమ వృథా.

వెన్న మొదట్లోనే వేయకండి. ముందు మిగతావన్నీ కలిపి మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత పది నిమిషాలు పిసికి, అప్పుడు మెత్తబడిన వెన్నని కొంచెం కొంచెంగా వేయండి. వెన్న పడగానే పిండి ముక్కలై జారిపోతుంది. చాలామంది కంగారుపడి మైదా అందుకునేది అప్పుడే. ఆగండి. పిండి కలిపే స్టాండ్ మిక్సర్‌లో ఇంకో పది నిమిషాలు, చేత్తో అయితే ఇరవై. పిండి గిన్నె అంచుని వదిలి, నున్నగా మెరుస్తూ ఒకే ముద్దవుతుంది. నిమ్మకాయంత ముక్క తీసి వేళ్ల మధ్య సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పల్చటి పొర రావాలి. అప్పుడు ఆపండి.

నేను పనిచేసిన చోట కొత్తవాళ్లు బల్ల దగ్గరకు రాగానే పెద్ద మేస్త్రీ మైదా గిన్నె తీసి తన వెనక పెట్టుకునేవాడు. చేతికి ఒక స్క్రాపర్, అరచేతులకి రాసుకోవడానికి కాస్త వెన్న, అంతే ఇచ్చేవాడు. నేనిప్పుడు నా క్లాసులోనూ అదే చేస్తాను.

ఒక జనవరి 5 రాత్రి ఒకమ్మాయి ఏడుపు గొంతుతో వీడియో కాల్ చేసింది. పొద్దున్నే పిల్లాడి స్కూల్‌కి రోస్కా పంపుతానని మాటిచ్చిందట. వేళ్ల సందుల్లో పిండి, పక్కన మూత తీసిన మైదా. "అది ముట్టుకోకు తల్లీ, పిండికి మూతపెట్టి టీ తాగిరా" అన్నాను. ఇరవై నిమిషాల తర్వాత పిసకడం మొదలుపెడితే కాసేపటికే పిండి చేతిని వదిలింది. ఆ అమ్మాయి మొహం చూడాలి!

ఇండియాలో చేసేవాళ్లకి ఒక మాట. మన మైదా ఇక్కడి బ్రెడ్ ఫ్లోర్ అంత పాలు పీల్చదు. పాలల్లో రెండు మూడు చెంచాలు ఆపి, అవసరాన్ని బట్టి చివర్లో పోయండి.

అపోహ: గంటలో పొంగకపోతే ఈస్ట్ చచ్చినట్టే

దయచేసి పారేయకండి. తీపి, వెన్న ఎక్కువున్న పిండి నెమ్మదిగానే పొంగుతుంది. చలికాలం వంటింట్లో మూడు గంటలు పట్టినా టెన్షన్ వద్దు. త్వరగా పొంగాలని వేడి ఓవెన్‌లో పెడితే వెన్న కరిగి బయటికొస్తుంది. ఓవెన్ లైటు వేసి లోపల పెడితే చాలు. ఈస్ట్‌ని చంపేవి మరిగే పాలు. పాలల్లో వేలు హాయిగా ఉంచగలగాలి. కాస్త పొంగాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా మంచిది. వెన్న గట్టిపడి రింగు చుట్టడం సులువవుతుంది, రుచీ పెరుగుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

రోస్కా లోపల దాచే చిన్న బాల యేసు బొమ్మని పిండిలో పెట్టి కాల్చాలంటారు. ప్లాస్టిక్ బొమ్మ అయితే వద్దు. బ్రెడ్ చల్లారాక అడుగు నుంచి దూర్చండి. లోపల బొమ్మ ఉందని తినేవాళ్లకి ముందే చెప్పండి, పిల్లలుంటే మరీ ముఖ్యం. బొమ్మ ఎవరికొస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ (ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే మొక్కజొన్న పిండి వంటకం) పెట్టాలి.

పైన అలంకరణకి పెట్టే అసిత్రోన్ అనే తీపి పాకం ముక్కలు లేకపోతే రోస్కా కాదన్నది పాత మాట. అది బిస్నాగా అనే కాక్టస్‌తో చేసేది. ఆ మొక్క అంతరించిపోతుండటంతో మెక్సికోలో అసిత్రోన్ అమ్మకం నిషేధించారు. అక్కడివాళ్లే ఇప్పుడు జామ, క్విన్స్ అనే పండు హల్వా ముక్కలు, అత్తిపండ్లు వాడుతున్నారు. మన టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయే కాబట్టి నిక్షేపంగా పెట్టుకోండి. పైన తెల్లటి చారలకి మైదా, పొడి చక్కెర, వెన్న సమానంగా తీసుకుని ఒక పచ్చసొనతో కలిపితే సరి.

నారింజ పూల నీళ్లు తప్పనిసరి కాదు, తొక్క తురుము చాలు. రింగు మధ్య కన్నం మూసుకుపోతుంటే వెన్న రాసిన చిన్న స్టీలు గిన్నె బోర్లించి కాల్చండి. 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. పైన రంగు తొందరగా వచ్చేస్తే ఫాయిల్ కప్పండి, బయటికి మాత్రం తీయకండి. థర్మామీటర్ ఉంటే లోపల 88 డిగ్రీలు దాటాలి.

ఇక శాకాహారుల సంగతి. "బ్రెడ్డే కదా" అని బేకరీలో కొనేస్తారు. రోస్కాలో గుడ్లు ఎలాగూ ఉంటాయి. కొన్ని బేకరీల్లో వెన్నతో పాటు, లేదా వెన్న బదులు, పంది కొవ్వు కూడా వాడతారు. దాన్ని మాంటెకా అంటారు. కొనేముందు ఆ పేరుతోనే అడగండి, దాచకుండా చెబుతారు.