గోడలోకి వెళ్లే తీగకు ఆకారమే బలం

గోడకు పూత పడకముందు వేసిన తీగలు ఇరవై, ముప్పై ఏళ్లు అక్కడే ఉంటాయి. ఈలోగా టీవీ, సెట్‌టాప్ బాక్స్, రౌటర్ ఎన్నిసార్లో మారిపోతాయి. అందుకే ఎక్కువ శ్రద్ధ తీగల మీదే పెట్టాలి. డిష్ నుంచి దిగే కోయాక్సియల్ కేబుల్‌లోనూ, ఇంటర్నెట్ కోసం వేసే క్యాట్ 6 కేబుల్‌లోనూ ఉండాల్సింది రాగే. ఆ రాగిని ఏ ఆకారంలో అమర్చారన్నదే వాటి పనితీరును నిర్ణయిస్తుంది. ఆ ఆకారం చెడితే ఎంత ఖరీదైన కేబులైనా వృథానే.

ముందు డిష్ సంగతి. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం పంపే, కేయూ బ్యాండ్ అని పిలిచే శ్రేణిలోని సంకేతాలు 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. ఇంత ఎక్కువ పౌనఃపున్యం మామూలు కేబుల్‌లో కొద్ది మీటర్లకే నీరసించిపోతుంది. అందుకే డిష్ ముందు ఉండే ఎల్‌ఎన్‌బి అనే చిన్న గ్రాహక పరికరం దాన్ని అక్కడికక్కడే కిందికి దించుతుంది. యూనివర్సల్ రకంలో బ్యాండ్ కింది సగం నుంచి 9.75, పై సగం నుంచి 10.6 గిగాహెర్ట్జ్ తీసేస్తుంది. మిగిలే 950–2150 మెగాహెర్ట్జ్ సంకేతమే కేబుల్‌లో దిగివస్తుంది. ఎల్‌ఎన్‌బికి కావలసిన కరెంటు కూడా బాక్స్ నుంచి అదే కేబుల్‌లో పైకి వెళ్తుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు వస్తాయి. వాటితోపాటు 22 కిలోహెర్ట్జ్ నాదం వెళ్తే పై సగం తెరుచుకుంటుంది.

ఒకే కేబుల్‌ను స్ప్లిటర్‌తో చీల్చి రెండు బాక్సులకు ఇస్తే కుదరకపోవడానికి కారణం ఇదే. ఒకటి 13 అడుగుతుంది, మరొకటి 18 అడుగుతుంది. ఎక్కువ వోల్టేజిదే పైచేయి అవుతుంది, రెండో టీవీలో కొన్ని చానళ్లు మాయమవుతాయి. బాక్సుకు ఒక కేబుల్ చొప్పున ట్విన్ (రెండు అవుట్‌పుట్లది) లేదా క్వాడ్ (నాలుగింటిది) ఎల్‌ఎన్‌బి నుంచి తేవాలి. టీవీలు ఎక్కువైతే, సంకేతాన్ని నాలుగు భాగాలుగా విడివిడిగా ఇచ్చే క్వాట్రో ఎల్‌ఎన్‌బి నుంచి నాలుగు కేబుళ్లు, ప్రతి బాక్సుకూ అడిగిన భాగాన్ని అందించే మల్టీస్విచ్‌కు దించాలి. డిష్ పెట్టే చోటికి మొదటే నాలుగు కేబుళ్లు వేసుకోవడం మంచిది.

కోయాక్స్‌లో నడుమ ఒక తీగ, దాని చుట్టూ తెల్లని నురగ, ఆపైన రేకు, సన్నని పోగుల అల్లిక ఉంటాయి. 75 ఓమ్ అనే లక్షణం (ఇంపెడెన్స్) నడిమి తీగ మందానికీ అల్లిక వ్యాసానికీ ఉన్న నిష్పత్తి, నురగ స్వభావం కలిసి ఇచ్చేది. క్లిప్పును సుత్తితో గట్టిగా కొట్టి కేబుల్‌ను నలిపినా, మూల దగ్గర మడత పెట్టినా అక్కడ నిష్పత్తి మారి, సంకేతంలో కొంత భాగం వెనక్కి తిరిగిపోతుంది. డిష్‌కు మామూలుగా వాడే కోయాక్స్ రకం ఆర్‌జి-6 మందం సుమారు 7 మిల్లీమీటర్లు. కాబట్టి మలుపు వ్యాసార్ధం 70 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

నడిమి తీగ పూర్తి రాగిదా, రాగి పూసిన ఉక్కుదా? 1 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రవాహం తీగ పైపొరలో రెండు మైక్రోమీటర్ల మందంలోనే సాగుతుంది కనుక సంకేతానికి ఉక్కు అడ్డు కాదు. కానీ ఎల్‌ఎన్‌బికి వెళ్లే కరెంటు తీగ మందమంతా వాడుకుంటుంది, ఉక్కుకు నిరోధం ఎక్కువ. దూరం పెరిగినా, మధ్యలో తుప్పు పట్టిన అతుకున్నా 18గా బయలుదేరిన వోల్టేజి పైకి చేరేసరికి పడిపోతుంది. ఎల్‌ఎన్‌బి దాన్ని 13గా భావిస్తుంది. సగం చానళ్లే వస్తున్నాయంటే ముందు వెతకాల్సిన చోటు ఇదే. పూర్తి రాగిదే కొనండి.

బలహీన సంకేతానికి మందుగా యాంప్లిఫయర్ పెట్టడం చాలామంది చేసే పొరపాటు. బాక్స్ తెరపై ‘స్ట్రెంత్’, ‘క్వాలిటీ’ వేరువేరుగా చూపడానికి కారణముంది. క్వాలిటీ దాదాపుగా డిష్ దగ్గరే తేలిపోతుంది. యాంప్లిఫయర్ సంకేతంతోపాటు రొదనూ (నాయిస్) పెంచుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు మూడు డిగ్రీలే, కనుక ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే వానను తట్టుకునే మిగులు తగ్గిపోతుంది.

కోయాక్స్ చివర ఉండే ఎఫ్ కనెక్టర్ బిగించేటప్పుడు అల్లికను వెనక్కి మడవాలి. నురగ కనెక్టర్ లోపలి అంచుతో సమంగా ఉండాలి, నడిమి తీగ బయటి అంచు దాటి 2–3 మిల్లీమీటర్లు రావాలి. అల్లికలోని ఒక్క పోగు నడిమి తీగను తాకినా షార్ట్ అవుతుంది. మెలితిప్పి ఎక్కించే రకం కంటే పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ రకమే నమ్మదగినది. బయటి అతుకులకు తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాలి. గోడలోకి దూరేముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే వాన నీరు అక్కడే కారిపోతుంది. లేకపోతే అల్లిక వెంట నీరు లోపలిదాకా పాకుతుంది. డిష్ స్తంభాన్ని కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో ఇంటి ప్రధాన ఎర్త్‌కే కలపాలి. పిడుగు నేరుగా పడితే ఇది కాపాడదు, పోగుపడే స్థిర విద్యుత్తును మాత్రం దించేస్తుంది.

నెట్‌వర్క్ కేబుల్ బలం పేనికలో ఉంది. నాలుగు జతలు, ప్రతి జతలో రెండు తీగలు పరస్పర వ్యతిరేక సంకేతాలు మోస్తాయి. బయటి రొద రెండింటిపైనా సమానంగా పడుతుంది. అందుకునే పరికరం రెండింటి తేడానే తీసుకుంటుంది కాబట్టి రొద రద్దవుతుంది. జతలు ఒకదాన్నొకటి చెరపకుండా ఒక్కో జతను ఒక్కో బిగువుతో పేనుతారు. ఈ పేనికను జాక్ దగ్గర 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు.

జాక్‌లో ఎనిమిది తీగలను అమర్చే ప్రామాణిక రంగుల క్రమం టీ568బి. ఆ వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను 3, 6 స్థానాల్లోకి విడదీయడం వింతగా అనిపించి కొందరు జతలను వరుసగా పేర్చేస్తారు. రెండు చివరలా అలాగే పేరిస్తే చవక టెస్టర్‌లో దీపాలన్నీ వెలుగుతాయి, కానీ 3, 6 తీగలు వేర్వేరు జతలవి కావడంతో రొద రద్దు కాదు. లింకు నత్తనడక నడుస్తుంది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. నీలం లేదా గోధుమ జతలో ఒక్క తీగ తెగితే చాలా పరికరాలు చడీచప్పుడు లేకుండా 100 మెగాబిట్లకు దిగిపోతాయి.

క్యాట్ 6 మీద 1 గిగాబిట్ 100 మీటర్ల వరకు, 10 గిగాబిట్ 55 మీటర్ల వరకు వెళ్తుంది. ఆ 100లో గోడలోని భాగం 90 దాటకూడదు. రాగి పూసిన అల్యూమినియం కేబుల్‌ను గోడలోకి రానివ్వకండి. తీగ పెళుసు, పైగా అదే కేబుల్‌లో కరెంటు పంపితే వేడెక్కుతుంది. బ్లేడుతో గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది.

ప్రతి గది నుంచీ కేబుళ్లు అతుకు లేకుండా ఒకే చోటికి చేరాలి. టీవీ వెనక రెండు క్యాట్ 6, రెండు కోయాక్స్ వేయండి. ఇంటి నడుమ పైకప్పుకు ఒక క్యాట్ 6 చేర్చితే వైఫై యాక్సెస్ పాయింట్‌కు కరెంటు కూడా అందులోనే వెళ్తుంది. 25 మిల్లీమీటర్ల పైపు లోపలి వ్యాసం సుమారు 21. లాగడం సులువుగా ఉండాలంటే వైశాల్యంలో 40 శాతమే నింపాలి, అంటే టీవీ వెనక వేసే ఆ నాలుగు కేబుళ్లతో సరి. మెయిన్స్ తీగలున్న పైపులో వీటిని ఎన్నడూ వేయకండి. పక్కపక్కన సాగితే 200 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, దాటాల్సిన చోట లంబంగా దాటించండి.

పైపులో ఒక లాగుడు తాడు వదిలేయండి. కేబుల్ రెండు చివరలా ఒకే అంకె రాసి, పూత పడకముందే ప్రతిదాన్నీ పరీక్షించి, గోడ పక్కన కొలత టేపు పట్టి ఫోటోలు తీసిపెట్టుకోండి.