వన్-థర్డ్ మధ్య గీత ఉండాలా? దస్తావేజుల ఇంగ్లీషులో అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో భాగపరిష్కారాలు, వీలునామాలు తెలుగులోనే ఎక్కువ. కొడుకు అమెరికాలోనో కూతురు బెంగళూరులోనో ఉంటే ఇంగ్లీషు ప్రతి కూడా అడుగుతారు. నా పని అదే. వాటాలు అక్షరాల్లో రాసేచోట హైఫన్ మీద జరిగే వాదన ఒక్కోసారి గట్టు తగాదాను మించిపోతుంది.

అపోహ: 'టూ-థర్డ్స్ మెజారిటీ' అని విశేషణంగా వాడినప్పుడే హైఫన్, 'టూ థర్డ్స్ ఆఫ్ ద ల్యాండ్' అని నామవాచకంగా వాడితే వద్దు.

వాస్తవం: పాత పద్ధతి ఇది, తప్పేమీ కాదు. 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో టూ, థర్డ్స్ విడివిడిగానే ఉన్నాయి. మన రాజ్యాంగం 368వ అధికరణంలో మాత్రం, సభ్యుల్లో మూడింట రెండు వంతులు అనేచోట, నామవాచకానికీ హైఫన్ ఉంది. అమెరికా ప్రచురణకర్తలు వాడే రచనా నియమాల పుస్తకం చికాగో మాన్యువల్ చెప్పేదీ అదే. నేను మన రాజ్యాంగం వెంటే పోతాను. మీరు ఏ పద్ధతి పట్టుకున్నా దస్తావేజు చివర ఆస్తుల వివరాలుండే షెడ్యూలు దాకా అదే ఉండాలి.

అపోహ: గీత అటూ ఇటూ అయినా అర్థం మారదు.

వాస్తవం: కొంప మునిగేది ఇక్కడే. 'ఫార్టీ-వన్ హండ్రెడ్త్స్' అంటే 41/100. 'ఫార్టీ వన్-హండ్రెడ్త్స్' అంటే 40/100. అక్షరాలన్నీ అవే, కానీ ఎకరం చేలో ఒక సెంటు పోయింది. తిరుచానూరు రోడ్డు వైపు సెంటంటే మాటలా! 'ట్వెంటీ-ఫైవ్ హండ్రెడ్త్స్' పావు వాటా. గీతను ఫైవ్ తర్వాతకు జరిపితే 20/500, అంటే పాతిక వంతుల్లో ఒకటి. లవంలోనో హారంలోనో అప్పటికే హైఫన్ ఉంటే, ఆ రెంటి మధ్య ఇంకోటి పెట్టకూడదు. 'వన్ ట్వెంటీ-ఫిఫ్త్' అలాగే రాస్తాం. ఎలా రాసినా పక్కన అంకెల్లో వేయకుండా వదలకండి.

అపోహ: వన్ పక్కన థర్డ్ వస్తే గీత తప్పదు.

వాస్తవం: 'వన్ థర్డ్-ఫ్లోర్ ఫ్లాట్' అంటే మూడో అంతస్తులో ఒక ఫ్లాట్. గీత ముందుకు జరిగితే అంతస్తులో మూడో వంతు అయి కూర్చుంటుంది. 'ఎ థర్డ్', 'హాఫ్ ఎన్ ఏకర్'లకు గీతే లేదు. 'వన్ అండ్ త్రీ-క్వార్టర్స్ ఏకర్స్'లో భిన్నానికి మాత్రమే.

టైపు చేసేవాళ్లకు ఒక మాట: వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని హైఫన్ కొడితే వన్ ఒక లైన్లో, థర్డ్ కింది లైన్లో పడవు. 1/2ను అది తనంతట తానే ½ చేస్తుంది, 1/3ను ముట్టదు. వాటాల పేరాలో రెండూ కలిస్తే అసహ్యంగా ఉంటుంది, ఆ ఆటోఫార్మాట్ ఆపేయండి.