ఎస్‌ఎస్‌డీ కొనేముందు మదర్‌బోర్డు చూడండి

నాన్న కొట్లో బిల్లులకి వాడే డెస్క్‌టాప్ 2019లో కొన్నది. పొద్దున్నే దాని బటన్ నొక్కి, వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. "కొత్తది కొనేద్దామారా?" అని నాన్న అడిగితే, అక్కర్లేదు నాన్నా, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్‌లలో ఫైళ్లు దాచే డ్రైవ్, వేస్తే చాలన్నాను. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు మీద, డ్రైవ్ పెట్టుకునే ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంది. తక్కువ ధరకి వస్తోందని ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ తెప్పించాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ బిగిసింది, తీరా బయాస్‌లోకి, అంటే విండోస్‌కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి చూస్తే దాని పేరే లేదు.

పాడైపోయిన ముక్క పంపారేమోనని ఆ పూటంతా టెన్షన్ పడ్డాను. ముక్క బాగానే ఉంది, ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఎం.2 అన్నది ఆకారానికి పెట్టిన పేరు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటే దాన్ని 2280 అంటారు, డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే సైజు ఇదే. కానీ ఆ ఒక్క ఆకారంలోనే రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి సాటా, అంటే హార్డ్‌డిస్క్‌లు వాడే దారి. రెండోది ఎన్‌వీఎంఈ, ఇది గ్రాఫిక్స్ కార్డుల్లాగా పీసీఐఈ దారిలో నడుస్తుంది. మా బోర్డు ఆ స్లాట్‌కి పీసీఐఈ మాత్రమే ఇచ్చింది, నేను కొన్నదేమో సాటా.

చేతిలోకి తీసుకుని చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. బంగారు రంగు కాంటాక్టుల వరుసలో సాటా రకానికి సాధారణంగా రెండు గాట్లు ఉంటాయి, ఎన్‌వీఎంఈకి ఒకటే. రెండు గాట్లున్నది ఒక గాటు స్లాట్‌లో కూడా పట్టేస్తుంది, నేను పడ్డది సరిగ్గా ఇక్కడే. కాబట్టి పట్టిందా లేదా అన్నది చూసి లాభం లేదు. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బోర్డు మోడల్ కనిపిస్తుంది, ఆ మోడల్ మాన్యువల్ తెచ్చుకుని స్టోరేజ్ పేజీ చదవండి. పది నిమిషాల పని. కొన్ని బోర్డుల్లో ఎం.2లో డ్రైవ్ పెడితే ఒక సాటా పోర్టు ఆగిపోతుంది, అదీ ఆ పేజీలోనే ఉంటుంది.

ఇక స్పీడు సంగతి. డబ్బాల మీద సెకనుకి 3500, 7000 అని ఎంబీల లెక్క పెద్ద అక్షరాల్లో వేస్తారు, జనం అది చూసే కొంటారు. కానీ పాత కంప్యూటర్ నత్తనడకకి అసలు కారణం వేరే ఉంది. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకి 120 సార్లు తిరుగుతుంది. ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, ముల్లు జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో, మొత్తం 12 మిల్లీసెకన్ల పైమాటే. ఆ లెక్కన సెకనుకి ఎనభై చోట్ల మించి వెతకలేదు, విండోస్ లేవాలంటేనేమో చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలు కావాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు, చిప్‌లోంచి ఒక ముక్క చదవడానికి దాదాపు 0.1 మిల్లీసెకను, చాలాసార్లు అంతకన్నా తక్కువే. మీకు తెలిసే మార్పంతా ఇక్కడిదే, అది మామూలు సాటా ఎస్‌ఎస్‌డీతోనే వచ్చేస్తుంది. బిల్లులు, బ్రౌజర్, పిల్లల క్లాసులు చూసుకునే ఇంట్లో సాటాకీ ఎన్‌వీఎంఈకీ తేడా పెద్దగా కనిపించదు. పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవాళ్లకి మాత్రం ఎన్‌వీఎంఈ నిజంగా కలిసొస్తుంది.

అందుకే ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ లాంటిది ఉన్న పాత బోర్డువాళ్లు దిగులుపడొద్దు. అందులో ఎం.2 లేదు, సాటా కూడా రెండో తరానిది, సెకనుకి 300 ఎంబీలు దాటదు, అయినా కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ మెషీన్‌కి ప్రాణం లేచొస్తుంది. అడాప్టర్ కొని ఎన్‌వీఎంఈ పెడదామనుకోకండి, అంత పాత బయాస్ మామూలుగా దాని నుంచి బూట్ అవ్వదు. కొత్త బోర్డులకి ఇంకో మాట: నాలుగో తరం పీసీఐఈ డ్రైవ్ మూడో తరం స్లాట్‌లో పనిచేస్తుంది గానీ స్లాట్ ఇచ్చినంత స్పీడే వస్తుంది, ఆ పై స్పీడుకి పెట్టిన డబ్బు ఊరికే పోయినట్టే.

నేను ఆ ముక్క వెనక్కి పంపి, 500 జీబీ ఎన్‌వీఎంఈ తెప్పించాను. విండోస్ ఎక్కించే ముందు పాత హార్డ్‌డిస్క్‌లోని బిల్లులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, దాని కేబుల్ పీకేశాను. ఇది మర్చిపోకండి. రెండూ కలిపి ఉంచితే బూట్ ఫైళ్లు ఒక్కోసారి పాత డిస్క్‌లోకే వెళ్తాయి, ఆరు నెలల తర్వాత ఆ డిస్క్ తీసేసిన రోజున ఎస్‌ఎస్‌డీ బాగానే ఉన్నా కంప్యూటర్ లేవదు.